గులాబీ కార్డు ఎలుకలు

"చేతి శుభ్రం లేదు" అనే మాట వింటే, రిటైరై ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండుతుంది. ల్యాబు పని తెలియనివాళ్ళకు అది పెద్ద తిట్టుగా తోచదు. మా వృత్తిలో మాత్రం అంతకు మించిన తిట్టు లేదు. వంటమనిషితో నీ చేతికి రుచి లేదన్నట్టే అది. ఆ మాట ఒకసారి మీద పడిందంటే ఆ తరవాత మీరు ఏం చేసినా, ఎంత జాగ్రత్తగా చేసినా, చూసేవాడు ముందు మురికినే వెతుకుతాడు.

ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఎవరికో కోపం వస్తుందని కాదు. పేర్లు రాయడం మొదలుపెడితే తప్పు చేసినవాళ్ళ వరసలో నా పేరు చాలా పైన వస్తుంది.

నేను పాండిచ్చేరిలోని సారం పేటలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప రాత నాకు వచ్చేది కాదు. పెళ్ళయ్యాక, నెల్లూరు నుంచి వచ్చిన నా భార్య పలక కొనిచ్చి మరీ నేర్పింది. అక్షరదోషాలుంటే ఆమెను అడగండి. నేను చెప్పబోయేవి వేరే దోషాలు.

మా ఊరి పేరు పాండిచ్చేరి నుంచి పుదుచ్చేరిగా మారిన రోజులవి. నేను అక్కడి ఒక పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నీషియన్‌ని. మా విభాగంలో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురమే. ఒకణ్ణి నేను. రెండో మనిషి ఎలుకల ఇల్లు చూసుకునే పెద్దాయన. అందరం మామ అనేవాళ్ళం. మూడో మనిషి ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరిన ఒక అమ్మాయి. వాళ్ళిల్లు తేంగాయితిట్టులో, హార్బరుకి రెండు వీధుల ఇవతల. తండ్రి మిల్లు కార్మికుడు. ఆ ఇంట్లో డిప్లొమా చదివిన మొదటి మనిషి ఆమె. నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపుకు నేనెంత తగినవాణ్ణో మీరే చూస్తారు.

మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తగువు అర్థం కాదు. ఒంట్లోకి రోగక్రిమి వస్తే దాన్ని పట్టుకునే యాంటీబాడీలను బి కణాలు తయారుచేస్తాయి. ఇంకా గట్టిగా పట్టే యాంటీబాడీ కోసం ఆ కణాలు తమ యాంటీబాడీ జన్యువులో తామే అక్షరాలు మార్చుకుంటాయి. గుడ్డిగా మార్చుకుంటాయి. కొన్ని మార్పులు పనికొస్తాయి, ఎక్కువ భాగం చెడిపోతాయి. ఒక్కోసారి జన్యువు నడిమధ్యలో "ఇక్కడ ఆపెయ్" అనే గుర్తు పడుతుంది. అప్పుడు ఆ కణానికి యాంటీబాడీయే ఉండదు. అట్లాంటి కణం చచ్చిపోవాలి. ఒంట్లో ఉన్న ఏర్పాటు అది.

చావును ఆపే జన్యువులు కూడా కణాల్లో ఉన్నాయి. అవసరమైనప్పుడు పనిచేసి, అక్కర్లేనప్పుడు ఊరుకుంటాయి. మా దగ్గరకు తెచ్చిన ఎలుకల్లో అట్లాంటి జన్యువొకటి బి కణాల్లో ఎప్పుడూ పనిచేస్తూనే ఉండేలా అదనంగా చేర్చారు. చావాల్సిన కణం చావకపోతే యాంటీబాడీ జన్యువులోని మార్పులు ఏమవుతాయి? ఇదే ప్రశ్న. కణాలకు ఎక్కువ ఆయుష్షు దొరుకుతుంది కాబట్టి యాంటీబాడీలు ఇంకా మెరుగుపడతాయని మా విభాగాధిపతి నమ్మకం. నిధుల దరఖాస్తులో కూడా అదే రాశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కుంటి కుందేలే దొరికి ఉంటుందని మేమూ సర్దుకునేవాళ్ళం.

ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో ఆ జన్యువు వచ్చినవీ ఉండేవి, రానివీ ఉండేవి. మామ వాటి చెవులకు నంబర్ల ప్రకారం గాట్లు పెట్టి, జన్యువు వచ్చినవాటి బోనుకు గులాబీ కార్డు, రానివాటి బోనుకు తెల్ల కార్డు తగిలించేవాడు. యాంటీబాడీలు పుట్టించే సూది వేసిన రెండు వారాలకు ప్లీహం తీసి, బి కణాలను వేరుచేసి, యాంటీబాడీ జన్యువును బయటికి లాగి, దాన్ని బాక్టీరియాలో పెట్టి పళ్ళెంలో చుక్కలు చుక్కలుగా పెంచి, ఒక్కో చుక్క నుంచి ఒక్కో ప్రతి తీసి చెన్నైకి పంపేవాళ్ళం. అక్కడ అక్షరాలు చదివి సీడీ పంపేవాళ్ళు. వచ్చిన అక్షరాలను అసలు జన్యువుతో పోల్చి రిజిస్టర్లో రాసేవాళ్ళం. మధ్యలో ఆపేసే గుర్తు ఉన్న ప్రతి మీద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టేవాళ్ళం. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇంకో చుక్క తీసి మళ్ళీ చదివించేవాళ్ళం. ఎర్ర గీత అంటే చేతి తప్పు. మాకు ముందున్నవాళ్ళు అట్లాగే చేసేవాళ్ళు, వాళ్ళకు నేర్పినవాళ్ళూ అట్లాగే. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇక నా తెలివి చూడండి. గొట్టాలు కలిసిపోతాయేమోనని నాకు భయం. అందుకని మొదటి రోజే పని పంచాను. తెల్ల కార్డు ఎలుకలన్నీ నావి, గులాబీ కార్డు ఎలుకలన్నీ ఆ అమ్మాయివి. ఒకరి గొట్టం ఒకరు ముట్టుకోకూడదు. విభాగాధిపతి "వెరీ నీట్" అన్నారు. నేను నాలుగు రోజులు ఆ మాట మీదే బతికాను.

రెండు నెలలయ్యేసరికి నా పేజీలు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. ఆమె పేజీల నిండా ఎర్ర గీతలు. మంగళవారం మీటింగుల్లో విభాగాధిపతి రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టించి, అందరి ముందూ నా పేజీ చూపించి "పని అంటే ఇది" అనేవారు. ఆమె పేజీ చూపించి ఏమీ అనేవారు కాదు, పెదవి విరిచేవారు. ఆమె ఐసు మార్చింది. కొత్త పిపెట్లు అడిగి తెచ్చుకుంది. గ్లవ్స్ గంటకోసారి మార్చింది. గీతలు తగ్గలేదు.

ఒకరోజు నా బల్ల దగ్గరికి రెండు కాగితాలు పట్టుకొచ్చింది.

"అన్నా, ఇది చూడు. ఒకే ఎలకది. ఇది మొన్న తీసింది. ఇది నిన్న మళ్ళా మొదట్నించీ చేసి తీసింది. రెండిట్లోనూ అదే చోట ఆగిపోయుండాది. ఒక్క అచ్చరం గూడా అటూ ఇటూ కాలే. చేతి తప్పయితే రెండుసార్లు ఒకే తావులో పడతాదా?"

నేను చూశాను. అర్థం కాలేదని అబద్ధం చెప్పను. అర్థమైంది.

"ఏమోమ్మా," అన్నాను. "మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా చెయ్యి."

"జాగ్రత్తగానే చేస్తా ఉండా. తప్పు నా చేతిలో లేదన్నా, ఎలకలో ఉండాది."

"అది సార్ చెప్పాలి. మనం కాదు."

ఆ కాగితాలు మడిచి తీసుకెళ్ళిపోయింది. ఆమె చేసిన పరీక్ష ఎంత మంచిదో, ఎవరూ చెప్పకుండా ఒక డిప్లొమా పిల్లకు అది తోచడం ఎంత గొప్పో, ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో పాటు కోపం కూడా వస్తోంది. ఆమె మీద పెదవి విరిచిన ఆయన మీద కొంత. మిగతాది నా మీద.

తరవాతి నెలలో ఆమెకు విషజ్వరం వచ్చి వారం రోజులు రాలేదు. ఒక గులాబీ ఎలుక మిగిలిపోయింది. పదమూడో నంబరు. సూది వేసిన రోజులు దాటిపోతాయని నేనే చేశాను. సీడీ వచ్చింది. పది ప్రతుల్లో మూడింట్లో మధ్యలో ఆపేసే గుర్తు ఉంది. నా పేజీలో, నా చేతి కింద, మూడు ఎర్ర గీతలు.

అప్పుడు నేనేం చేశానో వినండి. ఆ వారంలో ఒక పూట కరెంటు పోయింది. ఐసు కరిగి ఉంటుంది అనుకున్నాను. రబ్బరు తీసి ఆ మూడు గీతలూ చెరిపేశాను. పక్కన "ఐసు కరిగింది" అని రాసి, అదే పళ్ళెం నుంచి వేరే చుక్కలు తీసి, పదీ మంచివి వచ్చేదాకా చెన్నైకి పంపుతూ పోయాను. ఆమె చేతిలో వస్తే మురికి, నా చేతిలో వస్తే కరెంటు. ఎవరికీ చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఆమె తిరిగి వచ్చిన పది రోజులకు మెమో వచ్చింది. పాత ఊరి పేరున్న కాగితం మీదే టైపు చేశారు. పనిలో చేతి శుభ్రత లోపించిందనీ, సామగ్రి వృథా అయిందనీ, కాంట్రాక్టు పొడిగించే విషయం ఆలోచించాల్సి ఉంటుందనీ ఉంది. కాంట్రాక్టు ఇంకో నెలన్నరలో ముగుస్తుంది. మాది చిన్న ఊరు. ఏ ఆసుపత్రి ల్యాబుకు వెళ్ళినా ముందు మాకే ఫోను చేసి "ఎట్లాంటి అమ్మాయి?" అని అడుగుతారు. ఆ మెమో ఫైల్లో ఉంటే ఆమె చదివిన చదువు అక్కడితో సరి.

గేటు బయట టీ బంకు దగ్గర మెమో నా చేతికిచ్చింది. ఏడవలేదు.

"నువ్వు సార్‌తో ఒక మాట చెప్పన్నా."

"చెప్తాను లే. నువ్వు కూడా కొంచెం చేతులు..."

నా మాట పూర్తికానివ్వలేదు. "అన్నా, మా తేంగాయితిట్టు ఏలంపాటలో చేప కుళ్ళి వస్తే గంప మోసినదాన్ని తిట్టరు. బోట్లో ఐసు ఉండెనా, ఎన్నాళ్ళ చేప అని అడుగుతారు. చదువుకున్నోళ్ళు మీరు గంపను తిడతా ఉండారే!"

టీ తాగకుండానే వెళ్ళిపోయింది. నేను రెండు గ్లాసులూ పట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక నా భార్య "ఏంది, మొహం అట్టుండాది?" అంటే మొత్తం చెప్పాను, పదమూడో నంబరు సంగతితో సహా. ఆమె కూర తరుగుతూ ఒకటే అడిగింది. "పని పంచేది నువ్వే కదా?"

అవును, నేనే. ఇన్ని నెలలుగా ఎవరి ఎలుకలు ఎవరికి ఇవ్వాలో చెప్పే అధికారం నాకే ఉంది. దాన్ని ఒక్కసారి కదిలిస్తే నిజం తేలిపోతుంది. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఎలుకల ఇంటికి వెళ్ళాను. ఆఖరి విడత ఎలుకలు ఎనిమిది ఉన్నాయి, నాలుగు గులాబీ, నాలుగు తెలుపు.

"మామా, ఈ ఎనిమిదింటికీ కార్డులు తీసెయ్. చెవి నంబరు మాత్రం నాకు చెప్పు. నీ ఇష్టం వచ్చినట్టు కలిపి, ఆ పిల్లకు నాలుగు, నాకు నాలుగు ఇవ్వు. ఏది గులాబీయో ఏది తెలుపో నీ దగ్గరే రాసిపెట్టుకో. నేను అడిగినా చెప్పొద్దు."

మామ నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏంది తంబీ, కందకు లేని దురద కత్తిపీటకేల? సార్‌కు తెలిస్తే?"

"తెలియాలనే."

మామకు చాలాసేపు నవ్వు ఆగలేదు. తరవాత ఒక చీటీ మీద అరవంలో ఏదో రాసుకుని చొక్కా జేబులో పెట్టి, దానికి పిన్నీసు కూడా పెట్టుకున్నాడు. మూడు వారాలు ఆ చీటీ అక్కడే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా చీటీ కూడా మార్చేవాడు.

ఆ అమ్మాయికి సంగతి చెప్పాను. సరి అంది, అంతే. ఆ మూడు వారాలు మేమిద్దరం ఒకే బల్ల మీద, ఒకే ఐసు డబ్బాలోంచి పనిచేశాం. ఆమె చెయ్యి మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. నా చెయ్యి కన్నా నిలకడైన చెయ్యి.

సీడీ గురువారం వచ్చింది. మామను కూడా వెంటబెట్టుకుని ముగ్గురం విభాగాధిపతి గదికి వెళ్ళాం. మామ ఆ గదిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచాడు. ఎనిమిది నంబర్లకూ వచ్చిన ఎర్ర గీతల పట్టిక నేను బల్ల మీద పరిచాను. నా నాలుగు ఎలుకల్లో రెండింటికి గీతలున్నాయి. ఆమె నాలుగింట్లో రెండింటికి ఉన్నాయి.

"మామా, చీటీ తియ్యి," అన్నాను.

మామ పిన్నీసు విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, రేషను షాపులో పేర్లు పిలిచినట్టు చదివాడు. "ఇరవైయొకటి, తెలుపు. ఇరవైరెండు, గులాబి. ఇరవైమూడు, గులాబి..." గులాబి అన్న చోటల్లా గీతలున్నాయి. తెలుపు అన్న చోట పేజీ శుభ్రంగా ఉంది. ఎవరి చేతిలో పడ్డదీ అన్నదానితో పనే లేకుండా పోయింది.

విభాగాధిపతి మొదట అడిగిన ప్రశ్న ఇది. "పని పంపకం మార్చడానికి నీకు అనుమతి ఎవరిచ్చారు?"

నేను పట్టికను ఆయన ముందుకు ఇంకొంచెం జరిపాను. ఆయన పట్టిక మళ్ళీ చూశారు. కాసేపటికి కుర్చీలో ముందుకు జరిగారు. నిజం చెప్పాలి, తెలివైన మనిషి. మాకు నెలల తరబడి పట్టింది ఆయనకు రెండు నిమిషాల్లో అర్థమైంది. అదనపు జన్యువు యాంటీబాడీలను మెరుగుపరచడం లేదు. మార్పులు రెండు రకాల ఎలుకల్లోనూ ఒకేలా పడుతున్నాయి. చెడిపోయి చావాల్సిన కణాలను ఆ జన్యువు చావనివ్వడం లేదు, అంతే. అవి ఆ ఎలుకల ఒంట్లో దాక్కుని బతుకుతున్నాయి. ఒంట్లో బతికినవాటిని మా ఎర్ర పెన్సిల్ చంపుతూ వచ్చింది. మేం చెత్త అని కొట్టేసిందే మేం వెతుకుతున్న జవాబు.

"ఇది చాలా ముఖ్యమైన విషయం," అన్నారు ఆయన ఇంగ్లీషులో. తరవాత, ఈ మాట నేను చచ్చేదాకా మరచిపోను, "నాకు మొదటి నుంచీ ఈ అనుమానం ఉంది," అన్నారు.

ఆ అమ్మాయి తల దించుకుంది. మామ నా వైపు చూసి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సర్, మరి ఈమెకిచ్చిన మెమో?" అన్నాను.

"అది ఆఫీసు విషయం. చూద్దాం."

ఆఫీసుకు వెళ్తే, మెమోకు నంబరు పడిందనీ, ఒకసారి నంబరు పడిన కాగితాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి లేదనీ చెప్పారు. అక్షరాలు మార్చుకునే కణాలున్నాయి గానీ అక్షరం మార్చుకునే ఆఫీసు లేదు. నేను నా బల్ల దగ్గరికి వచ్చి ఒక తెల్లకాగితం తీసుకుని రాశాను. "అయ్యా, జతపరచిన పట్టిక ప్రకారం నా చేతి మీదుగా కూడా అవే తప్పులు అంతే సంఖ్యలో వచ్చాయి. కాబట్టి నా చేతి శుభ్రతలో కూడా లోపం ఉందని భావించి, అదే మాటలతో, తరవాతి నంబరు వేసి, నాకూ ఒక మెమో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇవ్వని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలపగలరు." ఇంగ్లీషులో రాసి, ఒక ప్రతి డైరెక్టరుగారికి కూడా పంపాను.

ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సీనియర్‌కు ఆ మెమో ఇస్తే, ఎందుకిచ్చారో డైరెక్టరుకు వివరించాలి. ఇవ్వకపోతే ఆ పిల్లకు ఎందుకిచ్చారో వివరించాలి. రెండు రోజులు విభాగాధిపతి గది తలుపు మూసుకునే ఉంది. మూడో రోజు రెండు లైన్ల కాగితం వచ్చింది. "పరిపాలనా కారణాల వల్ల" ఫలానా నంబరు మెమో రద్దు చేయడమైనది. పొరపాటు అనే మాట లేదు, క్షమించండి అనే మాట అసలే లేదు. పద్ధతి లేదన్నవాళ్ళకు పద్ధతి దొరికింది.

కాంట్రాక్టు పొడిగిస్తామన్నారు. ఆమె వద్దంది. ఊళ్ళోనే, లాస్‌పేటలో ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబులో చేరింది. రక్తపరీక్షలు. ఏడాదిన్నరకు మా వ్యాసం అచ్చయింది. రచయితల వరసలో నా పేరుంది. ఆమె పేరు చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు అన్న చోట ఉంది. నేను ఆ అన్యాయం గురించి విభాగాధిపతితో ఒక్కసారి మాట్లాడాను. రెండోసారి మాట్లాడలేదు. ఒక ఉత్తరంతో నా ధైర్యం అయిపోయింది. ఇది కూడా రాసిపెట్టుకోండి, పిల్లలూ. మనిషి ఒకసారి ధైర్యం చూపించి దాని మీద చాలాకాలం కూర్చుంటాడు.

వ్యాసం ప్రతి ఒకటి తీసుకుని లాస్‌పేట వెళ్ళాను. ఆమె గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, బల్ల మీద పెట్టుకుని చూసింది. పై పేర్లు చూడలేదు. తిన్నగా ఎలుకల పట్టిక దగ్గరికి వెళ్ళి, వేలితో ఒక్కో వరసే దిగింది.

"పదమూడు యాడన్నా? పన్నెండు తరవాత పద్నాలుగు ఉండాది."

"కరెంటు పోయింది కదా ఆ వారం... తీసేయించాను."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు ముందు నేను ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. నా పేజీలో వచ్చిన మూడు గీతల సంగతీ, రబ్బరు సంగతీ చెప్పాను.

"తెలుసు," అంది.

"ఎట్లా?"

"జొరం తగ్గి వచ్చిన దినమే చూసినా. ఎర్ర పెన్సిలు రబ్బరుకు పోదన్నా, కాయితంలోనే నిలిచిపోతాది." వ్యాసం మూసి నా చేతికిచ్చింది. "మెమో వచ్చిందాకా కాచుకోనుంటి, నువ్వు చెప్తావని."